పన్నెండు పాయింట్ నాలుగు

చేపల పులుసు గిన్నె గీకుతుంటే అడుగున తోక ముక్క ఒకటి దొరికింది. నిలబడే తినేశాను. ముందు మామయ్య, తర్వాత మా ఆయన సుశీల్, తర్వాత పిల్లలు, ఆ తర్వాత నేనూ గిన్నే. "మగోళ్ళు తిన్నాక తింటే నీకేం తరిగిపోద్దిమే మెర్లిన్?" అంటుంది మా అత్త మగ్దలీనమ్మ. ఆమె నలభై ఏళ్ళు అలాగే తిన్నది. ఆమెను మాత్రం ఏమనగలను?

ఆ సాయంత్రం ముత్తుకూరులో అదే వేషం వేశాను. మా బృందం ఊరూరా ఆడవాళ్ళ రక్తహీనత మీద నృత్యరూపకం వేస్తుంది. అందరూ తిన్నాక తినే కోడలిని నేనే. మొదటి సగం సోలిపోతాను, రెండో సగం ఆకుకూరలు తిని గెంతుతాను. గిరగిరా తిరిగినప్పుడు చెవుల్లో హోరు పుట్టి నా గజ్జెలు నాకే వినబడకపోవడం నటన కాదని ఇంట్లో ఒకసారి చెప్పాను. "చిందులేసొచ్చి ఆయాసమంటే ఎట్ట? నిన్నెవురు ఎగరమన్నారు?" అన్నాడు సుశీల్. ఆట అయ్యాక అందరి చీరలూ ఉతికేది కూడా నేనే. "నీ చేతికైతే రంగు పోదు" అంటారు బృందం నడిపే ప్రత్యూష మేడం. వేదిక మీద మాత్రం నా భుజం చుట్టూ చెయ్యి వేసి, "మా దగ్గర అన్ని కులాల, అన్ని మతాల ఆడవాళ్ళూ ఉన్నారు" అంటారు. ఫొటో తీసేదాకా ఆ చెయ్యి అక్కడే ఉంటుంది.

చివర్లో, ఊరి ఆడవాళ్ళకు రక్తపరీక్ష అంటే భయం పోవాలని, ముందు నా వేలు గుచ్చుతారు. హిమోగ్లోబిన్ అంకె చూపే మిషన్ వైపు ఎవరూ చూడరు. మేడం మైకులో "పన్నెండు పాయింట్ నాలుగు!" అంటారు. చప్పట్లు. రెండేళ్ళుగా నా రక్తం అంతే.

ఆ రోజు కొత్త నర్సు వచ్చారు, పేరమ్మ గారు. వేలు గుచ్చి, దూది నొక్కి పట్టుకుని, మిషన్‌లో అంకె పడేదాకా ఆగారు. తర్వాత నా కింది రెప్ప లాగి చూశారు. "ఏడే ఉండాది తల్లీ. ఇంతసేపు ఎట్ట ఆడినావు?" అన్నారు మెల్లగా. దూది మీంచి చెయ్యి తియ్యలేదు. నా ఒంటి సంగతి ఒకరు అడిగి ఎన్నాళ్ళయిందో.

మేడం విన్నారు. మైకుకు చెయ్యి అడ్డం పెట్టి, "పన్నెండనే చెప్పు. నువ్వే నీరసంగా ఉంటే మన ఆట ఎవరు నమ్ముతారు? మనకు డబ్బిచ్చే కంపెనీ పెద్దలు ముందే కూర్చున్నారు" అన్నారు. వాళ్ళ పక్కనే సుశీల్ కూడా ఉన్నాడు. భార్యను ఆడనిచ్చినందుకు ఆయనకు ఇందాకే శాలువా కప్పారు.

పన్నెండంటే రేపూ ఆడొచ్చు. ఏడంటే ఇంట్లో కయ్యం, బృందంలో చోటు పోవడం. ఆట ఒక్కటే నాది. కానీ కింద వరసలో నిలబడ్డ ఆడవాళ్ళు నన్నే చూస్తున్నారు, నాలా తిని నాలా గెంతితే చాలనుకుని.

మైకు అందుకున్నాను. "ఏడు" అన్నాను. "నాకు ఏడే ఉంది. రెండేళ్ళుగా ఊళ్ళల్లో చెప్పిన అంకె నాది కాదు."

"దిగుమే కిందికి! పరువు తీసినావు" అంటూ సుశీల్ మెట్ల దగ్గరికి వచ్చాడు. వరసలోంచి ఒక పెద్దామె అతన్ని మోచేత్తో పక్కకు నెట్టి పైకెక్కింది. పేరమ్మ గారి ముందు వేలు చాపింది.

"నాదీ చూడమ్మా. గట్టిగా చదువు, మా ఇంటోళ్ళు కూడా ఆడ్నే ఉండారు."

మేడం మైకు ఆపించేశారు. పేరమ్మ గారు అంకె పడేదాకా ఆగి, గొంతు పెంచారు.