కుడి మూల సంతకం

గుంటూరులో బోర్డులు రాసేవాళ్ళలో సిలార్‌ని మించినవాడు లేడని సిలారే అనేవాడు. కాదన్నవాడు మాత్రం ఎవడూ లేడు. పట్నంబజారు విత్తనాల షాపుల నుంచి ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీల గోడల దాకా నలభై ఏళ్ళుగా ఆయన కుంచె తిరగని సందు లేదు. అలాంటి చెయ్యి 2004 ఎండాకాలంలో, ఒక పురుగుమందుల కొట్టు బోర్డు మీద ‘ళ’ రాస్తూ వణికింది. తుడిచి మళ్ళీ రాశాడు. మళ్ళీ వణికింది. ఎండ దెబ్బ అనుకుని నిచ్చెన దిగి, నిమ్మకాయ సోడా తాగి, మళ్ళీ ఎక్కాడు. అది ఎండ కాదు.

బ్రాడీపేట డాక్టరు నరాల జబ్బన్నాడు. మాత్ర వేసుకున్నాక గంటసేపు చెయ్యి మాట వింటుందని, రానురాను ఆ గంట కూడా కుదించుకుపోతుందని చెప్పాడు.

చెయ్యి పోతుందంటే సిలార్‌కి బాధ కలిగింది. అంతకంటే పెద్ద బాధ ఇంకోటి ఉంది. ఈ రాత ఆయనకి పుట్టుకతో వచ్చింది కాదు, జక్రయ్య దగ్గర ఏడేళ్ళు ఊడిగం చేసి నేర్చుకున్నది. జక్రయ్య పద్ధతిలో శిష్యుడు గురువు అక్షరాన్ని ఎంతైనా దించుకోవచ్చు, అడిగేవాడు లేడు. బోర్డు కుడి మూలన పేరు రాసుకోవాలంటే మాత్రం గురువు తన నోటితో చెప్పాలి. ఏడో ఏట ఒక గోడ రాయడం అయ్యాక జక్రయ్య బీడీ ఆర్పి, “మూల నీదేరా” అన్నాడు. ఆ రోజు సిలార్ ఇంటికి పరిగెత్తుకుంటూ వెళ్ళాడు. తర్వాత తన దగ్గర చేరిన అయిదుగురూ ఊళ్ళోకి ఫ్లెక్సు మిషన్లు రాగానే కుంచెలు పారేసి ఆటోలు కొనుక్కున్నారు. మూల ఇద్దామంటే ఒక్కడు మిగల్లేదు.

అలాంటప్పుడు భవ్య వచ్చింది. వాళ్ళ నాన్న ఎరువుల షాపు బోర్డు సిలార్ రాసిందే. ఆ అమ్మాయి ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరంలో ఉంది.

“బాబాయ్, మీ అక్షరాలు కంప్యూటర్లోకి ఎక్కిద్దామని వచ్చాను.”

“నా పొట్ట కొట్టిందే ఆ పెట్టె గదమ్మా! దానికి మళ్ళీ నేను అన్నం పెట్టాలా?”

భవ్య నొచ్చుకోలేదు. అరుగు మీద కూర్చుని నిదానంగా చెప్పుకొచ్చింది. లినక్స్ అని ఒకటుంది. కంప్యూటరు నడవాలంటే లోపల ఒక వ్యవస్థ ఉండాలి కదా, అలాంటిదే ఇది. ఏయే దేశాలవాళ్ళో కలిసి రాస్తున్నారు. ఎవరైనా తీసుకోవచ్చు, విప్పి చూడొచ్చు, బాగుచేసి పక్కవాళ్ళకి ఇవ్వొచ్చు. మూడేళ్ళ కిందట కాలేజీలో ఒక్క మిషన్లో ఉండేది, ఇప్పుడు ల్యాబంతా అదే. పెద్ద కంపెనీలు కూడా అటే మళ్ళుతున్నాయి. అందులో తెలుగు కనపడేలా చెయ్యాలని భవ్యా, స్నేహితులూ నలుగురు కూడారు. అన్నీ కుదిరాయి గానీ చూడముచ్చటైన అక్షరాలే లేవు.

“ఎవరన్నా విప్పి చూడొచ్చంటావా?” అన్నాడు సిలార్.

“చూడొచ్చు.”

“చూసి నేర్చుకోవచ్చా?”

“అందుకేగా బాబాయ్ అట్లా పెట్టింది.”

సిలార్ అరుగు మీద ఆరబెట్టిన కుంచెలు ఏరి డబ్బాలో పెట్టాడు. ఆ తర్వాత, “రేపు పొద్దున మాత్ర వేసుకున్నాక రా,” అన్నాడు.

ఆ గంటలో రోజుకి నాలుగైదు అక్షరాలు చార్టు మీద రాసేవాడు. భవ్య వాటిని కాలేజీకి తీసుకెళ్ళి కంప్యూటర్లోకి ఎక్కించేది. మొదటి నెల పని మొత్తం బూడిదపాలైంది. ఒక్కొక్క అక్షరం చూస్తే ముద్దొస్తోంది, కలిపితే మాట కుంటుతోంది. ఆలోచించగా సిలార్‌కే తట్టింది. నలభై ఏళ్ళలో ఆయన అక్షరాన్ని ఒంటరిగా ఎన్నడూ రాయలేదు. పక్కన ఏముందో చూసి ఒకదాన్ని కాస్త నొక్కి, ఒకదాన్ని కాస్త లాగి సర్దేవాడు.

“పక్కనెవరుంటారో తెలియకుండా ఎట్టా రాసేదమ్మా?”

“ఎవరు పక్కన చేరినా ఇమిడేటట్టు రాయండి.”

అరవై రెండేళ్ళ వయసులో ఆయన మళ్ళీ ‘అ’ నుంచి మొదలుపెట్టాడు. గుణింతాలూ ఒత్తులూ కలిపి నాలుగు వందల పైచిలుకు. ప్రతి అక్షరానికీ ఆఖరున గీత బియ్యపుగింజంత పైకి లేచి ఆగేది. అదెందుకని భవ్య అడిగింది.

“రంగు కారకుండా జక్రయ్య కనిపెట్టిన ఉపాయం. కొసన కుంచె అట్టా పైకెత్తితే చుక్క జారదు.”

“కంప్యూటర్లో రంగు కారదుగా. తీసేద్దామా?”

“తీసేస్తే అది జక్రయ్య రాత అవదు,” అన్నాడు సిలార్ కటువుగా.

ఈ సంగతి ఎలాగో ఫ్లెక్సు షాపు రామకాంత్ చెవిన పడింది. స్వీటు పొట్లంతో వచ్చి, అక్షరాలన్నీ తనకే ఇమ్మన్నాడు. షాపులో ఫోటో కట్టిస్తాడట, బతికినన్నాళ్ళూ నెలనెలా ఇంటికి ఏదో ఒకటి పంపిస్తాడట. ఒక్కటే షరతు, ఇంకెవరూ ఆ అక్షరాలు వాడకూడదు. సిలార్ మనసు ఊగిసలాడలేదంటే అబద్ధం. ఇంట్లో ఆయన మాత్రల ఖర్చే ఎక్కువ. అయినా, “నాకు జక్రయ్య అట్టా ఇవ్వలేదు బాబూ,” అని స్వీటు పొట్లం తిరిగి చేతిలో పెట్టాడు. రామకాంత్ మంచివాడే, కోపం తెచ్చుకోకుండా వెళ్ళిపోయాడు. సిలార్ మాత్రం ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు.

వానాకాలం ముగిసేసరికి గంట పావుగంటకి దిగింది. ఒక్క అక్షరం మిగిలింది, ‘ఙ’. విచిత్రమేమిటంటే సిలార్ జన్మలో దాన్ని బోర్డు మీద రాసిన పాపాన పోలేదు. ఝాన్సీ లేడీస్ టైలర్స్ పుణ్యమా అని ‘ఝ’ వచ్చింది గానీ, ‘ఙ’ కావాలన్న కొట్టు గుంటూరు జిల్లాలో లేదు. జక్రయ్య రాయగా చూసింది కూడా లేదు. తెలియని అక్షరం, మాట వినని చెయ్యి. పదకొండు చార్టులు చించాడు. పన్నెండోదాని మీద కుంచె జారి పడితే తీయడానికి వంగలేదు.

“ఇంక నావల్ల కాదమ్మా,” అని, పెళ్ళికెదిగిన పిల్ల ఎదురుగా ఉందన్న మొహమాటం లేకుండా ఏడ్చాడు.

భవ్య కింద పడ్డ కుంచె తీసి, కడిగి పెట్టింది. ఉన్నవాటిని ఉన్నట్టే ఇంటర్నెట్లో పెట్టేసింది. ‘వాఙ్మయం’ అని కొడితే నడుమ ఖాళీ డబ్బా కనపడేది. ఆ డబ్బా సంగతి సిలార్‌కి తెలుసు. పళ్ళూడిన నోరులా ఉంటుందని తలుచుకుని తనలో తనే సిగ్గుపడేవాడు.

మూడు నెలలు గడిచాయి. టీ గ్లాసు రెండు చేతులా పట్టుకుంటే గానీ నోటికి అందడం లేదు. ఒక మధ్యాహ్నం భవ్య ఆటో తెచ్చి ఆయన్ని కాలేజీ ల్యాబుకి తీసుకెళ్ళింది. తెర మీద ‘వాఙ్మయం’ అని కొట్టింది. డబ్బా లేదు. దాని చోట అక్షరం ఉంది.

సిలార్ మొహం ఎర్రబడింది. “ఎవరు రాశారు? నేను రాయలేదే! నా బోర్డు మీద చెయ్యి పెట్టమని ఎవరు చెప్పారు?”

“దగ్గరికొచ్చి చూడండి బాబాయ్.”

భవ్య ఆ అక్షరాన్ని తెరంత పెద్దది చేసింది. సిలార్ కళ్ళజోడు సర్దుకుని వంగాడు. అక్షరం కడుపు నిండుగా ఉంది, మెడ దగ్గర గీత సన్నబడింది. ఆఖరున గీత బియ్యపుగింజంత పైకి లేచి ఆగింది. రంగు కారని చోట కూడా చుక్క జారకుండా ఎవరో కుంచె ఎత్తారు.

పంపిన మనిషి పేరు అమూల్య. మార్టూరులో గ్రానైటు పాలిష్ యూనిట్ ఆఫీసులో పనిచేస్తుందట. అక్షరంతో పాటు ఒక ఉత్తరం రాసింది, భవ్య చదివి వినిపించింది. “మా బడి గోడ మీద పాఠాల మాటలు రాసింది సిలార్ గారే. అయిదేళ్ళు వాటినే చూస్తూ కూర్చున్నాను. మీరు పెట్టినవి విప్పి, మిగతా అక్షరాలన్నీ కొలిచి, ఆయన రాసి ఉంటే ఇట్లా ఉండేదేమో అని రాశాను. పెద్దాయన ఒప్పుకుంటేనే ఉంచండి. నా పేరు అక్కర్లేదు.”

సిలార్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తన చేతి కింద ఒక్క రోజైనా కూర్చోని పిల్ల, మొహం ఎరగని పిల్ల, తనకి రాని అక్షరాన్ని తన చేత్తో రాసింది. జక్రయ్య చూస్తే బీడీ ఆర్పేవాడు.

“మన పేర్లు ఎక్కడుంటాయన్నావు?”

భవ్య అక్షరాలతో పాటు వెళ్ళే చిన్న ఫైలు తెరిచింది. ‘రాసినవారు: సిలార్, గుంటూరు. జక్రయ్య శిష్యుడు,’ అని ఉంది. దాని కింద ఖాళీ.

“ఆ పిల్ల పేరు నేనే రాస్తా. ఏవి నొక్కాలో చూపించు.”

భవ్య ఒక్కొక్క మీటా చూపించింది. సిలార్ వేలు గాలిలో వణుకుతూ వచ్చి దిగేది. ఒక్కోసారి రెండు సార్లు తగిలి అక్షరం రెండుసార్లు పడేది. చెరిపి మళ్ళీ నొక్కేవాడు. చుట్టూ కుర్రకారు పనులాపి చూస్తున్నా ఆయనకి పట్టలేదు. చివరికి ‘అమూల్య, మార్టూరు’ అని తన రాతలోనే పడింది.

చెయ్యి ఇంకా వణుకుతూనే ఉంది. తెర మీద అక్షరాలు కదలకుండా నిలబడ్డాయి.

“మూల నీదేనమ్మా,” అన్నాడు సిలార్, తెర వంక చూస్తూ.