రాయి కడుపులోంచి వచ్చిన గాలి

ఇలా రా, దగ్గరికి జరుగు. ఆ ఫోను బోర్లించి పెట్టు, ఎక్కడికీ పోదు. దుప్పటి ఈ కొస నువ్వు కప్పుకో, ఆ కొస నాకివ్వు. నా చదువు మూడో తరగతితో సరి. కానీ కళ్ళతో చూసింది ఒక్కటీ మర్చిపోయిందాన్ని కాదు. ఇప్పుడు చెప్పేది దేవుడి కథా కాదు, దెయ్యం కథా కాదు. మన కిందిగది కథ. అప్పటికి నువ్వు మీ అమ్మ కడుపులో పడి రెండు నెలలు. నీ గురించే చాలావరకు.

ఈ ఇల్లు కొండవాలున ఉంది కదా. వీధిలోంచి చూస్తే ఒక అంతస్తు, వెనకనుంచి చూస్తే రెండు. కిందిగదిని కొండ తొలిచి కట్టారు. దాని వెనక గోడ అసలు గోడే కాదు, కొండరాయే. మీ తాతయ్య దాని మీద సున్నం కొట్టి గోడ అని పేరు పెట్టారు. ఆయన వడ్రంగి. తలుపులు, కిటికీలు చెయ్యడంలో చెయ్యి తిరిగిన మనిషి. ఇక్కడి చలి సంగతి నీకు తెలుసుగా. ఆయన బిగించిన కిటికీ పక్కన దీపం పెడితే ఈదురుగాలిలో కూడా మంట కదిలేది కాదు. "నా ఇంట్లోకి గాలి రావాలంటే నన్నడిగి రావాలి" అనేవారు. నలభై ఏళ్ళు అదే ఆయన గొప్ప.

మీ అమ్మ ఆ కిందిగదిలోనే పుస్తకాలు బైండింగు చేసేది. ఆఫీసు రిజిస్టర్లు, లైబ్రరీలో చిరిగిపోయిన పుస్తకాలు. విప్పడం, కుట్టడం, జిగురు రాయడం, అట్ట వెయ్యడం, ప్రెస్సులో బిగించడం. పొద్దున దిగితే చీకటి పడేదాకా పైకొచ్చేది కాదు. కోడలై వచ్చినప్పటినుంచీ, అంటే నాలుగేళ్ళు, అలాగే.

ఒకరోజు పైవీధి బళ్ళో కింది అంతస్తు ఖాళీ చేసి, చిన్నపిల్లల క్లాసు మేడ మీదికి మార్చేశారు. ఎందుకయ్యా అంటే, నేలలోంచి ఏదో గాలి వస్తోందట. రేడాన్ అట దాని పేరు. రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. ఏళ్ళ తరబడి పీలిస్తే ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ తెస్తుందట. మీ తాతయ్య పడీ పడీ నవ్వారు.

"రంగూ లేక, వాసనా లేక, ఏమీ లేనిదానికి పేరెందుకే మళ్ళీ?"

ఆ వారమే ఆరోగ్యశాఖనుంచి ఒకమ్మాయి వచ్చింది. భుజాన సంచి, చెవి వెనక పెన్సిలు. మేం కొలతలమ్మాయి అనేవాళ్ళం. ఇంటింటికీ ఒక చిన్న నల్ల డబ్బీ ఇచ్చింది. అచ్చం నా నశ్యం డబ్బీలా ఉంది.

"తాతగారూ, ఇంట్లో ఎవరు ఎక్కువసేపు కూర్చునే గదో, అందులో పెట్టండి. కూర్చున్న మనిషి ముక్కు ఎత్తులో, కిటికీకి దూరంగా. మూడు నెలలు ముట్టుకోకండి. దీనికోసం కొత్తగా ఏమీ చెయ్యొద్దు. రోజూ ఎలా ఉంటారో అలాగే ఉండండి."

ఆ ఆఖరి మాటే నాకెక్కలేదమ్మా. ఎవరైనా ఇల్లు చూడ్డానికొస్తే ఉన్నది ఉన్నట్టు చూపిస్తామా? గూళ్ళు దులుపుతాం. చిరిగిన పరుపు మీద మంచి దుప్పటి పరుస్తాం. పైగా, ఎవరింట్లో అంకె ఎక్కువొస్తే ఆ ఇంటికి చెడ్డపేరు అని వీధి కుళాయి దగ్గర అప్పుడే గుసగుసలు మొదలయ్యాయి. మీ తాతయ్య కట్టుకున్న ఇంటికి చెడ్డపేరా! నేను బతికుండగానా!

అందుకని ఏం చేశాననుకున్నావు? ఆ డబ్బీ తీసుకెళ్ళి పై బాల్కనీలో, పూలకుండీ వెనక, మంచి గాలి తగిలేచోట పెట్టాను. మరి కిందిగది గూడు ఖాళీగా కనిపిస్తుంది కదా? అక్కడ నా పాత నశ్యం డబ్బీ ఒకటి పెట్టాను. మూడు నెలలూ ఇంటిల్లిపాదీ ఆ నశ్యం డబ్బీకి మర్యాద చేశారు. మీ నాన్న డ్యూటీ దిగొచ్చి, దాన్ని కదపకుండా చుట్టూ దుమ్ము తుడిచేవాడు కూడా.

మూడు నెలలయ్యాక నేనే దాన్ని కుండీ వెనకనుంచి తీసి సంచిలో వేసిచ్చాను. పది రోజులకి కాగితం వచ్చింది. ఆ గాలి ఎంతుందో చెప్పే అంకె పన్నెండు! వంద దాటితే ఆలోచించుకోవాలి, మూడొందలు దాటితే వెంటనే పని మొదలుపెట్టాలి అని రాసుంది. మనది పన్నెండు. మీ తాతయ్య ఆ కాగితం జేబులో పెట్టుకుని వీధంతా తిరిగారు. అడిగినవాళ్ళకీ, అడగనివాళ్ళకీ చూపించారు.

రెండోరోజే కొలతలమ్మాయి తలుపు తట్టింది. కిందిగదిలోకి దిగి, చుట్టూ చూసి, అడిగింది కదా:

"తాతగారూ, మీ ఇంటికి గోడలున్నాయా?"

"అదేం ప్రశ్నమ్మా? నాలుగున్నాయి. తట్టి చూసుకో."

"ఉన్నాయి. మరి కిటికీలు?"

"నా చేత్తో బిగించినవి. చీమ దూరదు."

"అదేనండీ నాకు అంతుపట్టనిది. పన్నెండంటే ఆరుబయట ఉండే గాలి. కింద కొండ, చుట్టూ మట్టి, చీమ దూరని కిటికీలు. ఇలాంటి గదిలో పన్నెండు నేనెక్కడా చూడలేదు."

"మరి ఎవరి ఇల్లనుకున్నావు?" అని మీసం దువ్వారు మీ తాతయ్య.

మీ అమ్మ కుడుతున్న పుస్తకం పక్కన పెట్టి, మొహం ఇంత చేసుకుని, "అయితే మావయ్యా, ఉయ్యాల ఇక్కడే కట్టిద్దామా? నా బల్ల పక్కనే. ఒక చేత్తో ఊపుకుంటా, ఒక చేత్తో పని చేసుకుంటా" అంది. అంటూ కడుపు మీద చెయ్యేసుకుంది. ఆ చెయ్యి చూశాక ఇక నావల్ల కాలేదు.

"అమ్మాయ్, ఆగు. ఆ పన్నెండు ఈ గదిది కాదు. బాల్కనీది."

ముందుగా తేరుకుంది మీ తాతయ్యే.

"మరి ఆ గూట్లో ఉన్నదేంటే?"

"నా నశ్యం డబ్బీ."

"ఓసి నీ! దాని ముందు కాల్చకూడదేమోనని మూడు నెలలు సిగరెట్టు మానుకున్నానే నేను!"

కొలతలమ్మాయి నవ్వు ఆపుకోలేకపోయింది. తర్వాత మాత్రం నిదానంగా చెప్పింది. "ఆ మానుకున్నది మళ్ళీ పట్టుకోకండి తాతగారూ. సిగరెట్టూ ఈ గాలీ కలిస్తే ప్రమాదం ఎన్నో రెట్లు."

మీ అమ్మ నవ్వలేదు. "నాలుగేళ్ళుగా ఈ గదిలో పొద్దస్తమానం పీలుస్తున్నది నేను అత్తయ్యా. ఇంటి పేరు కాపాడారు సరే. నన్నెవరు కాపాడాలి?" అంది. ఎప్పుడూ ఎదురు మాట్లాడని పిల్ల. నేను గూట్లోంచి నా నశ్యం డబ్బీ తీసి కొంగున ముడేసుకున్నాను.

కొత్త డబ్బీ ఇచ్చింది ఆ అమ్మాయి. ఈసారి నెల చాలంది. గూట్లో అది పెట్టింది మీ అమ్మ. తన బల్ల మాత్రం అప్పుడే పైకి మార్చేసింది. కిందిగది కిటికీలు ఎప్పట్లాగే మూసి ఉంచాం. నేను ఆ గుమ్మం తొక్కలేదు.

నెల తిరిగాక నన్నూ మీ అమ్మనీ వాళ్ళ ఆఫీసుకి రమ్మంది. చిన్న గది, తెల్ల బల్ల, దాని మీద మైక్రోస్కోపు. డబ్బీ లోపల గోరంత ప్లాస్టిక్ ముక్క ఉంటుందట, దాన్ని వేడి కాస్టిక్ సోడా నీళ్ళలో నానబెడతారట. ముందు బాల్కనీ ముక్క చూపించింది. కన్ను ఆనించాను. అద్దంలా నున్నగా ఉంది, అక్కడొకటి ఇక్కడొకటి చుక్క. తర్వాత కిందిగది ముక్క పెట్టింది.

ఏం చెప్పమంటావు! ఎండిన దుమ్ములో వానచినుకులు పడితే గుంటలు పడతాయి చూడు, అలా. ఎటు తిప్పినా గుంటలే. గుండ్రటివి, కోలవి, ఒకదాని మీద ఒకటి పడ్డవి. అన్నీ నెల్లాళ్ళలో, మూసిన గదిలో, ఎవరూ చూడకుండా కురిసిన వాన!

"ఏడు వందల నలభై" అంది కొలతలమ్మాయి. మీ అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఈ గుంటలు ఎవరు తవ్వారమ్మా?" అన్నాను.

అప్పుడు చెప్పింది. ఆ పిల్ల చెప్పిన తీరు నా తలలో ఇలా నిలబడిపోయింది. రాళ్ళకీ ఒక వంశం ఉంది. యురేనియం అని ముత్తాత. భూమి పుట్టినప్పుడు ఉన్నదాంట్లో ఇప్పటికి సగమే తరిగిందట, ఇంకా సగం అలాగే ఉంది! తరిగినకొద్దీ ఒకదాన్నుంచి ఒకటి పుట్టుకొస్తాయి. అన్నీ రాయిలో రాయిగా కదలకుండా పడుండేవే. ఒక్క రేడాన్ మాత్రం గాలిగా పుడుతుంది. వంశం మొత్తానికి ఇల్లు వదిలి తిరిగేది అదొక్కటే. దానికి ఆయుష్షు తక్కువ, నాలుగు రోజుల్లో సగం పోతుంది. ఆ నాలుగు రోజుల్లోనే సందులు వెతుక్కుంటూ మన గచ్చు పగుళ్ళలోంచి పైకొస్తుంది. దాని పిల్లలు మళ్ళీ గాలి కాదు, కంటికానని పొడి. దుమ్ముని అంటుకుని ఊపిరితో లోపలికి పోయి, అక్కడ పగులుతాయి. పగిలినప్పుడల్లా ఒక దెబ్బ. ప్లాస్టిక్ మీద పడితే ఇదిగో ఈ గుంట.

"ఒక్కో గుంట అంటే..."

"ఒక్క పరమాణువు మామ్మగారూ. ఒకే ఒక్కటి."

మళ్ళీ కన్ను ఆనించాను. చెయ్యెత్తి దణ్ణం పెట్టాలో, భయపడి వెనక్కి జరగాలో తెలియలేదు. భూమి పుట్టినప్పుడు మొదలైన పని ఒకటి మన కిందిగదిలో, మీ అమ్మ జిగురు గిన్నె పక్కన జరుగుతోంది! మనమేమో ఆ రాయికి సున్నం కొట్టి గోడ అనుకున్నాం.

మీ అమ్మ ఒక్కటే అడిగింది. "నేను పీల్చేసింది?"

"పీల్చిన ప్రతివాళ్ళకీ జబ్బు రాదు. రేపే రాదు. పీల్చిన ఏళ్ళని వెనక్కి తేలేను కానీ, ఇక్కడితో ఆపితే ముందున్న ఏళ్ళన్నీ మీవే. మీ బిడ్డవీ."

ఇంటికొచ్చి చెప్పాం. మీ తాతయ్య మూడు రోజులు కిందిగది కిటికీలు తెరుస్తూ, మూస్తూ ఉన్నారు. నాలుగోరోజు కొలతలమ్మాయి వస్తే, "నేను బిగించబట్టే వచ్చిందా?" అని అడిగారు.

"వచ్చింది రాయిలోంచి తాతగారూ. బయటికి పోయే దారి లేదు, అంతే. వెచ్చటి ఇల్లు గొట్టంతో పీల్చినట్టు నేలలోని గాలిని పైకి లాగుతుంది. కిటికీలు తెరిస్తే కొంత తగ్గుతుంది, మూస్తే మళ్ళీ మామూలే. గచ్చుకి చిల్లు పెట్టి, కిందున్న కంకరలోకి పైపు దింపి, కప్పు దాటేదాకా పైకి తీసుకెళ్ళి ఫ్యాను పెట్టాలి. గదిలోకి రాకముందే ఆ గాలిని లాగి ఆకాశంలో వదిలేస్తుంది."

"నా గచ్చుకి చిల్లా!"

"మీ గచ్చుకే."

ఆ పని తెలిసిన మేస్త్రీ మిషనుతో వచ్చాడు. మీ తాతయ్య అడ్డం నిలబడ్డారు. వద్దంటారేమో అనుకున్నాను. "మొదటి దెబ్బ నేనే వేస్తా. నా ఇంటికి పరాయివాడు వెయ్యడమేంటి?" అని ఉలి అందుకున్నారు. ఆ ఒక్క దెబ్బ వేసి పక్కకి జరిగారు. పైపు లేచింది, కప్పు దాటింది, ఫ్యాను బిగించారు.

స్విచ్చి వేసేముందు కొలతలమ్మాయి ఒక దూదివత్తి వెలిగించి ఆర్పేసింది. పొగ సన్నగా లేస్తోంది. దాన్ని కొండరాయీ గచ్చూ కలిసేచోట, వెంట్రుకంత పగులు దగ్గర పెట్టింది. పొగ నిటారుగా లేవలేదు. ఎవరో కిందనుంచి ఊదినట్టు మా వైపు తిరిగింది. అందరం చూశాం. అన్నాళ్ళూ లేదనుకున్నది, అదిగో, ఊపిరి వదులుతోంది.

"వెయ్యండి" అంది.

మీ నాన్న స్విచ్చి వేశాడు. పొగ ఒక్క క్షణం తడబడింది. మెల్లగా వంగింది. వంగి వంగి, సూదిలోకి దారం ఎక్కినట్టు, ఆ పగుల్లోకి దిగిపోయింది. కొండ తన ఊపిరి తనే వెనక్కి తీసుకుంది! మీ తాతయ్య మోకాళ్ళ మీద కూర్చుని ఆ పగులు మీద అరచెయ్యి పెట్టి చూశారు. తర్వాత లేచి, పగుళ్ళన్నీ ఒక్కొక్కటీ వెతికి పూడ్చారు. బిగించడం ఆయన పనే కదా, ఇప్పుడు ఎక్కడ బిగించాలో తెలిసింది.

వారం తర్వాత కొలతలమ్మాయి అంకెలు చూపించే పెట్టె ఒకటి తెచ్చి పెట్టింది. నలభై ఐదు. ఆ అంకె నేను చదవలేదు, మీ అమ్మే చదివింది. ఒకసారి పైకి, ఒకసారి లోలోపల. చదివి నా వైపు చూసి, "ఉయ్యాల ఎటువైపు కడదాం అత్తయ్యా?" అంది. రెండు నెలలుగా ఆ పిల్ల నాతో ముక్తసరిగా తప్ప మాట్లాడలేదు. నాకు కళ్ళు కనిపించలేదు, కిటికీ వైపు చెయ్యి చూపించాను.

ఆ కిటికీ పక్కనే నువ్వు పెరిగావు. రెండేళ్ళకోసారి ఇప్పటికీ కొలిపిస్తూనే ఉన్నాం, ఫ్యాను అరిగిపోతే మార్చాం.

రేపు నువ్వు ఏ ఇంటికి మారినా, కొండ మీదైనా, మైదానంలోనైనా, ముందు నేల సంగతి కనుక్కో. ఈ మాట నీ దగ్గరే దాచుకోకు. నీ స్నేహితులకి చెప్పు, నీకు పుట్టేవాళ్ళకి చెప్పు. చెప్పేటప్పుడు నా తప్పు మాత్రం మింగెయ్యకు. మా నాయనమ్మ ఇలా చేసింది అని నవ్వుతూనే చెప్పు, నేనేం అనుకోను. ఏదీ, ఒకసారి మొదటినుంచీ నువ్వు చెప్పు, వింటాను. ఎక్కడ తప్పుతావో చూద్దాం.