వరినాట్లలో జపనీసు

రామి చిన్నమ్మ జపనీసు నేర్చుకుంటానని చెప్పిన రోజు మా ఇంట్లో ఎవరూ ఆమె మాట నమ్మలేదు. నేను నమ్మాను, కానీ పైకి అనలేదు. నేను మామూలుగానే తక్కువ మాట్లాడతాను. చెప్పాలనుకున్నవి డైరీలో రాసుకుంటాను. ఆ రోజు పేజీలో "చిన్నమ్మ నేర్చుకుంటుంది" అని ఒక్క వాక్యమే రాశాను.

చిన్నమ్మ మా అమ్మకు చెల్లెలు. వయసు ముప్పై ఒకటి. ఎనిమిదో తరగతితో బడి మానేసి, పెద్దయ్యాక ఓపెన్ స్కూల్లో పదో తరగతి పాసయింది. మా తండా కాటారానికి దగ్గర. కాటారంలోని ఒక ప్రైవేటు దవాఖానలో ఆమె తొమ్మిదేళ్లుగా ఆయాగా పనిచేస్తోంది. మంచం పట్టినవాళ్లను నొప్పి తెలియకుండా పక్కకు తిప్పడం, వీపుకు పుండ్లు పడకుండా చూడటం, తిననని మొండికేసే ముసలివాళ్లచేత నాలుగు ముద్దలు తినిపించడం ఆమెకు వచ్చినట్టు అక్కడ ఎవరికీ రాదు. అయినా పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. "ఏయ్ ఆయా" అంటారు, అంతే.

భూపాలపల్లిలో జపనీసు క్లాసు పెట్టారని ఆమెకు దవాఖానలోనే తెలిసింది. ముసలివాళ్లను చూసుకునే పనికి జపాన్ వెళ్లాలనుకునే ఆడవాళ్లకు ప్రతి ఆదివారం పాఠం చెబుతారు. నాలుగు నెలల తర్వాత అక్కడి వృద్ధాశ్రమం వాళ్లు వీడియోలో మాట్లాడతారు. వాళ్లు ఎంచుకున్నవాళ్లకే మిగతా చదువు, ఆ తర్వాత ఉద్యోగం.

చిన్నమ్మ నాన్న, మా తాత హీర్యా మేకలకు ఆకు వేస్తూ ఇదంతా విన్నాడు. ఇంట్లో మేం మా తండా భాషలోనే మాట్లాడుకుంటాం, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"గా దేశమోళ్లకు నీతోని ఏం పని?" అన్నాడు తాత.

"గాడ ముసలోళ్లు ఎక్కువ, సూసుకునేటోళ్లు తక్కువనట."

"నేను గూడ ముసలోణ్నే గద."

"నువ్వింకా మేకల ఎంబడి ఉరుకుతున్నవు బాపు. మంచంల పడ్డంక చెప్పు, ఒస్త."

తాత నవ్వాపుకున్నాడు. "ముప్పై దాటినంక నాలుక తిరుగది."

"ఇంట్ల మన మాట, బజార్ల తెలుగు, డాక్టర్ సాబుతోని ఉర్దూ. మూడు పట్టిన నోట్ల నాలుగోది పట్టదా?"

పాఠం చెప్పే కహ్కషాన్ మేడం భూపాలపల్లి ఆమే. ఆరేళ్లు జపాన్‌లో ఒక వృద్ధాశ్రమంలో పనిచేసి తిరిగివచ్చింది. అక్షరాలు రాయడంలో సాయానికి చిన్నమ్మ నన్ను వెంట తీసుకుపోయేది. గంటకు పైగా బస్సు ప్రయాణం. నేను వెనక బెంచీ మీద కూర్చుని, జపనీసు మాటలను తెలుగు అక్షరాల్లో రాసిపెట్టేదాన్ని.

అక్షరాలు చిన్నమ్మకు తొందరగానే వచ్చాయి. దవాఖానలో పారేసే ఎక్స్-రే కవర్ల వెనక రాసి రాసి నేర్చుకుంది. వాక్యాలతోనే కష్టమైంది. తన గురించి తాను చెప్పుకునే ఎనిమిది వాక్యాలు ముందు రావాలి. పేరు, ఊరు, వయసు, చేసే పని, అట్లా. మూడో వాక్యం దాకా వెళ్లేసరికి మొదటిది జారిపోయేది. రెండు నెలలు అట్లాగే గడిచాయి.

జనవరిలో యాసంగి నాట్లు మొదలయ్యాయి. మా మడిలో నాటు వేయడానికి చిన్నమ్మ రెండు రోజులు సెలవు పెట్టింది. ఎనిమిది మంది ఆడవాళ్లు వరసగా వంగి, వెనక్కి అడుగులు వేస్తూ నాటుతున్నారు. నేను ఒడ్డు మీది నుంచి నారు కట్టలు అందిస్తున్నాను. నాట్లలో ఒకరు పాట ఎత్తుకుంటారు, మిగతావాళ్లు అందుకుంటారు. అందుకునేదాకా ఎత్తుకున్నామె రెండో చరణంలోకి పోదు. ఎప్పుడూ ఎత్తుకునే ద్వాలి అవ్వకు ఆ రోజు గొంతు పట్టేసింది.

"రామీ, నువ్వెత్తుకో" అంది అవ్వ.

చిన్నమ్మ ఒక్క క్షణం ఆలోచించి, నాట్ల పాట రాగంలోనే "హాజిమెమాషితె" అని, తొలి పరిచయంలో చెప్పే మాటతో ఎత్తుకుంది. నారు పట్టుకున్న చేతులన్నీ ఆగిపోయాయి.

"గిది ఏ దేవుని పాటే?"

"దేవునిది గాదవ్వ, నాదే. నా పేరు, నా ఊరు, నా పని. జపాన్ మాట."

"మంచిగనే ఉన్నది. మరి మేమేమని అందుకోవాలె?"

చిన్నమ్మ నా వైపు చూసింది. "హై అనుండ్రి. హై అంటే అవును" అన్నాను మెల్లగా. అవ్వకు వినబడక ఇంకోసారి చెప్పాల్సి వచ్చింది.

ఇక మొదలైంది. చిన్నమ్మ ఒక వాక్యం ఎత్తుకుంటుంది, ఏడుగురు "హై" అని అందుకుంటారు, ఒక అడుగు వెనక్కి పడుతుంది. పొద్దుగూకేసరికి ఎనిమిది వాక్యాలూ ఒక్కటి పోకుండా నిలిచాయి. రెండో రోజుకు చిన్నమ్మ వయసెంతో ద్వాలి అవ్వ కూడా జపనీసులో చెప్పగలిగింది.

"నన్ను గూడ తోల్కపో" అంది అవ్వ.

"నువ్వొచ్చి ఏం జేస్తవ్?"

"గాడ గూడ వరేనటగద. నాటేస్త. నీ లెక్క మాట్లాడుడు నాకెందుకు?"

ఫిబ్రవరిలో మేడం అందరినీ పరీక్షించింది. మరుసటి ఆదివారమే జపాన్ వాళ్లు వీడియోలోకి వస్తారు. ఇక్కడ బాగా చెప్పినవాళ్ల పేర్లే వాళ్లకు పంపుతుంది. చిన్నమ్మ వంతు వచ్చింది. లేచి నిలబడి, నడుము వంచి నమస్కరించి, "హాజిమెమాషితె" అంది. ఆగిపోయింది.

మేడం ఎదురుచూసింది. చిన్నమ్మ కూడా ఎదురుచూసింది.

"రామీ, నాలుగు నెలలు కావొచ్చె. రెండో ముక్క గూడ రాకపోతే ఎట్ల? నీ పేరు పంపాల్నా, వద్దా?"

"పంపుండ్రి మేడం. నాకు మొత్తం వచ్చు."

"వస్తె చెప్పు మరి."

చిన్నమ్మ మళ్లీ మొదటి వాక్యం చెప్పింది. మళ్లీ అక్కడే ఆగింది. ముందు బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. నేను చిన్నమ్మ ముఖం చూశాను. మరిచిపోయినదాని ముఖం కాదది. గడ్డం కొంచెం పైకెత్తి, మడిలో నిలబడినట్టే నిలబడి ఉంది. ఆమె దేని కోసం ఆగిందో నాకు అర్థమైంది. ఆ గదిలో ఇంకెవరికీ అర్థమయ్యే వీలు లేదు. ఎవరూ అడగకుండా నేను ఏ క్లాసులోనూ నోరు తెరిచింది లేదు. అయినా అన్నాను.

"హై."

చిన్నమ్మ రెండో వాక్యం చెప్పింది. "హై" అన్నాను. మూడోది వచ్చింది.

మేడం వెనక్కి తిరిగింది. "ఎవలది? అందియ్యద్దు."

లేచి నిలబడ్డాను. "నేను అందియ్యలే మేడం. హై అన్న, గంతే. చిన్నమ్మ నాట్లల్ల పాట లెక్క నేర్చుకున్నది. మేము అందుకుంటెనే తర్వాతి మాట ఎత్తుకుంటది."

ఆ గదిలో అంత పొడుగు మాట నేను అప్పటిదాకా మాట్లాడలేదు. మేడం కుర్చీ లాక్కుని చిన్నమ్మ ఎదురుగా కూర్చుంది. "మొదటి సంది చెప్పు" అని, ఒక్కో వాక్యానికి తానే "హై" అంది. ఎనిమిది వాక్యాలూ గలగలా వచ్చేశాయి. రాగం కూడా కొంత వచ్చింది. అందరూ నవ్వారు, మేడం కూడా నవ్వింది.

"సరే, నవ్వుడు ఇగ చాలు" అంది మేడం. "జపాన్ల మనుషులు గిట్లనే వింటరు. ఎదుటోళ్లు మాట్లాడుతుంటే నడుమ నడుమ హై, హై అంటరు. ఊకుంటే ఇంటలేరనుకుంటరు. నాకు గది అలవాటైతానికి ఏడాది పట్టింది. మీ నాట్లల్ల రెండు దినాల్లనే వచ్చింది." తర్వాత చిన్నమ్మతో అంది: "నీ పేరు పంపుత. కాని జర రాగం తగ్గించు. ఎవలు అందుకోకున్నా చెప్పుడు నేర్చుకో."

ఆ వారమంతా రోజూ చిన్నమ్మ చెబుతుంటే నేను నోరు మూసుకుని ఎదురుగా కూర్చున్నాను. మొదట్లో ప్రతి వాక్యం దగ్గరా తడబడింది. గురువారానికి ఆగకుండా చెప్పింది.

మొత్తం నలుగురి పేర్లు వెళ్లాయి. ఆదివారం నన్ను తలుపు పక్కన, బయట కూర్చోమన్నారు. లోపలి తెర మీద, వృద్ధాశ్రమం తరఫున మాట్లాడే మోరితా గారనే ఆవిడ కనిపించారు. యాభై ఏళ్లుంటాయి, పొట్టి జుట్టు, పెద్ద కళ్లజోడు. మేడం పక్కనే ఉన్నా ఒక్క మాట సాయం చేయకూడదని ముందే చెప్పారు. చిన్నమ్మ వంతు చివర. ముందు మాట్లాడిన ముగ్గురూ చక్కగా నవ్వుతూ, మోరితా గారు ఏం చెప్పినా "హై, హై" అన్నారు. వాళ్లకు బాగానే జరిగిందనిపించింది.

చిన్నమ్మ తన ఎనిమిది వాక్యాలు చెప్పింది. మేడం చెప్పినట్టే అవతల నుంచి మోరితా గారు నడుమ నడుమ "హై" అన్నారు. తర్వాత ఆమె ఏదో పెద్ద సంగతి చెప్పడం మొదలుపెట్టారు. చిన్నమ్మ రెండు సార్లు "హై" అంది. ఆ తర్వాత అనడం మానేసింది. మోరితా గారు ఇంకొంచెం చెప్పి ఆగారు. మేడం చేతిలోని పెన్నుకు మూత పెట్టేసింది.

"సుమిమాసెన్. వకరిమాసెన్" అంది చిన్నమ్మ. క్షమించండి, నాకు అర్థం కాలేదు అని. ఇంకోసారి, నిదానంగా చెప్పమని కూడా అడిగింది. దవాఖానలో రోగుల చుట్టాలతో మాట్లాడే గొంతుతోనే అడిగింది. తల దించలేదు.

మోరితా గారు మళ్లీ చెప్పారు. చిన్నమ్మ వేళ్లతో చూపించింది: ఇంతవరకు అర్థమైంది, ఈ ఒక్క మాట కాలేదు. మూడోసారి మోరితా గారు ఒక మందు గోళీ తీసి నోట్లో వేసుకున్నట్టు, నీళ్లు తాగినట్టు, అటు తిరిగి దాన్ని చేతిలోకి ఉమ్మి పిడికిలి మూసినట్టు చేసి చూపించారు.

చిన్నమ్మ పకపకా నవ్వింది. మందు మింగినట్టు నటించేవాళ్లతో ఏం చేస్తావని ఆమె అడుగుతున్నారు. కాటారం దవాఖానలో రాజమల్లు తాత ఇదే పని చేస్తాడు. ఒకసారి ఆయన దిండు కింద పదకొండు గోళీలు దొరికాయి. చిన్నమ్మ తనకు వచ్చిన మాటలతోనే జవాబు చెప్పింది. పక్కన కూర్చుంటాను. నీళ్లిస్తాను. మనుమల గురించి అడుగుతాను. మాట్లాడుతుంటే నోరు కనబడుతుంది. మాటలు అయిపోయినచోట చేతులతో చూపించింది. మోరితా గారు ఒక కాగితం మీద ఏదో రాసుకున్నారు.

బయటికి వచ్చాక మిగతావాళ్లలో ఒకామె నా చెవిన పడేట్టే అంది: "మూడు సార్లు అడిగించుకున్నది. రామిది అయిపోయినట్టే."

బస్సులో చిన్నమ్మతో ఆ మాట చెప్పాను.

"సుమా, మందుల ముచ్చట గదనే" అంది చిన్నమ్మ. "తెల్వకున్నా తలూపి గోళీలు మార్చి ఇచ్చినోళ్లను చూసిన. ఉద్యోగం రాకుంటే రాకపాయె. తెల్వందానికి నేను తలూప." కిటికీకి ఆనుకుని మహదేవపూర్ వాళ్లెవరితోనో కబుర్లలో పడింది. ఇంకో క్లాసు ఎక్కడైనా ఉందా అని అప్పుడే వాకబు చేస్తోంది.

నాలుగు రోజుల తర్వాత, పొద్దున డ్యూటీకి తయారవుతుంటే మేడం ఫోన్ వచ్చింది. చిన్నమ్మ తల దువ్వుకుంటూ స్పీకర్ పెట్టింది.

"ఇద్దరిని తీసుకున్నరు. మొదటి పేరు నీదే" అంది మేడం. "మిగిలినోళ్లందరు ప్రతి మాటకు హై అన్నరట. ఎవలకు అర్థమైందో, ఎవలకు కాలేదో మోరితా గారికి తెల్వలేదట. నీకు మాత్రం ఏది తెలిసిందో ఏది తెల్వదో ఆమెకు సాఫ్‌గ కనవడ్డదట. మందులిచ్చేకాడ గసుంటి మనిషే కావాల్నన్నరు. జూన్ల పెద్ద పరీక్ష ఉన్నది, రేపటి సంది రోజు చదవాలె."

చిన్నమ్మ దువ్వెన పక్కన పెట్టింది.

"మేడం, మల్లొకసారి నిదానంగ చెప్పుండ్రి."

"ఏంది, అర్థం కాలేదా?"

"నాకు అర్థమైంది. మా బాపుకు ఇనవడాలె."

ఫోన్ తీసుకుని వాకిట్లోకి నడిచింది. తాత మేక తాడు వదలకుండానే దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. మేడం మళ్లీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టింది.