నూనెలో కలిపిన పొడి

మా కుక్క పులిగాడి చెవి మడత విప్పి, పేల దువ్వెనతో వెంట్రుకలు దువ్వుతున్నాను. పళ్ళ మధ్య చిక్కిన నల్ల పేలను పక్కనున్న కిరసనాయిలు చిప్పలో విదిలిస్తున్నాను. కొన్ని చిప్పలో పడేలోపే నా మోచేతి మీదికి పాకుతున్నాయి. నిన్నా ఇదే పని, మొన్నా ఇదే పని. కుక్క తోక మొదట్లో, కడుపు కింద గోకి గోకి పుండ్లు చేసుకుంది. రెండు వారాలుగా అది నిద్రపోలేదు, మమ్మల్ని నిద్రపోనివ్వలేదు.

అవ్వకు మాత్రం దానితో తేడా లేదు. మా నాయనమ్మ నల్లమ్మ ఎప్పుడో నిద్ర మరిచిన మనిషి. గోడకు ఆనుకుని పొగాకు నములుతూ కూర్చుంటుంది. దూరాన నక్క కదిలినా పులిగాడి కంటే ముందే వింటుంది.

మా నాయన లింగన్నకు అరవై గొర్రెలు. ఆ ఏడు కుందుర్పి పక్క చినుకు రాలలేదు. మందను పామిడి వైపు, పెన్న ఒడ్డుకు తోలుకుపోదామని నాయన ఆలోచన. దారిలో ఐదారు రాత్రులు బీళ్ళలోనే మంద నిలపాలి. పోయిన ఏడు అట్లాగే పోయినప్పుడు, ఆయనకు కునుకు పట్టిన కాసేపట్లో తోడేళ్ళు నాలుగు గొర్రెపిల్లల్ని ఎత్తుకుపోయాయి. మిగిలినవి దక్కింది పులిగాడు మొరిగి లేపబట్టే. కుక్క తోడు లేనిదే మంద కదలదు. ఈ గోకుడుతో కుక్క కదిలేటట్టు లేదు.

అవ్వ చేయని మందు లేదు. వేపాకు నీళ్ళు, పొగాకు నీళ్ళు, సీతాఫలం గింజల ముద్ద, చివరికి కానుగ నూనె. పూసిన రోజు పేలు రాలతాయి. నాలుగో రోజుకు మళ్ళీ ఎక్కడినుంచో వస్తాయి.

"నీ నూనె తాగి పేలు బలిసినాయి గానీ చావలేదమ్మా," అన్నాడు నాయన.

"నీ తలలో పేలకూ ఈ నూనే పూసినా. అప్పుడు కిక్కురుమనకుండా కూచుంటివే?" అంది అవ్వ.

నాయన నవ్వలేదు. తాలూకా ఊరిలో ఉన్న పశువుల ఆస్పత్రికి నడిచి పోయి, మరునాడు పొద్దున ఒక పొట్లంతో వచ్చాడు.

"కాంపౌండరు ఖాసిం సాబ్ ఇచ్చినాడు. మలేరియావాళ్ళు గోడలకు కొట్టిరే, అట్లాంటి మందేనంట. ఏం రాసిండాడో చదువు పాపా."

ఇంట్లో అక్షరం ముక్క తెలిసింది నాకొక్కదానికే. చదివాను. వెంట్రుకల్లోకి పొడిగానే చల్లవలెను. నూనె ఏమాత్రం తగలరాదు. కుక్కను నాకనివ్వరాదు.

"విన్నారు గదా. అట్లే చెయ్యండి. రేపు పొద్దున్నే మంద లేపాల," అని నాయన గొర్రెల దగ్గరికి పోయాడు.

ఆషాఢం గాలి. నేను చల్లిన మొదటి చిటికెడు పొడి కుక్క మీద పడలేదు, గోడకు కొట్టింది. రెండోది నా కళ్ళలో పడింది. అవ్వ చూసి చూసి పొట్లం నా చేతిలోంచి తీసుకుంది. కానుగ నూనె చిప్ప తెచ్చి పొడంతా అందులో వంచింది.

"అవ్వా, నూనె వద్దని రాసిండారు."

"రాసినోనికి ఈ గాలి సంగతి ఎరుకనా? పసుపన్నా, బూడిదన్నా, నూనె లేకుండా ఏ మందు పట్టిందే మనింట్లో ఒంటికి? కాగితానికి ఏమి తెలుసు, దానికేమన్నా పేలు పట్టినాయా? దవడ పట్టుకో మే."

ఒకసారి చెప్పాను. రెండోసారి నోరు రాలేదు. అమ్మ పోయాక నన్ను పెంచిన చేతులవి. ఆ చేతుల్లోంచి ఒక వస్తువు లాక్కోవడం నాకు అలవాటు లేదు. కుక్క దవడ పట్టుకున్నాను. అవ్వ పుండ్లలోకి ఇంకేదాకా రుద్దింది.

"ఇంక ఒక్క పేను బతికిందంటే నా పేరు నల్లమ్మ కాదు."

పేలు నిజంగానే చచ్చాయి. ఒక్కటీ మిగలలేదు. మధ్యాహ్నానికి పులిగాడి పెదవి అదరడం మొదలైంది. తర్వాత మెడ. తర్వాత కాళ్ళు నాలుగూ కొట్టుకున్నాయి, నోట నురుగు కారింది.

"పొయ్ మే, నీళ్ళు పొయ్!" అని అవ్వ అరిచింది.

ఇంట్లో ఉన్నది ఒక్క కడవ. అదంతా పోశాను. అవ్వ కుంకుడు రసంతో రుద్దుతూనే ఉంది. నూనె జిడ్డు వదల్లేదు. మళ్ళీ వంకలోని చెలమకు పరుగెత్తాను. చెలమలో నీళ్ళు కడవ నిండా ఊరాలంటే గంట పడుతుంది. అంతసేపూ ఇసుకలో కూర్చుని ఊరే నీళ్ళను చూస్తూ ఉన్నాను.

పొద్దు వాలేటప్పుడు నాయన వచ్చాడు. కుక్క మెడ నిమిరి, తన వేళ్ళు వాసన చూసుకున్నాడు. కానుగ నూనె వాసన దాగేది కాదు. అవ్వ వైపు చూశాడు, తర్వాత నా వైపు.

"చదివినావు గదే," అన్నాడు.

"పాప చెప్పింది లింగా. నేనే వినలేదు," అంది అవ్వ.

"ఊరుకోమ్మా."



తెల్లారేసరికి పులిగాడు తల ఎత్తాడు. నేను నోట్లో పోసిన గంజి రెండు గుక్కలు మింగాడు. లేవబోయి, వెనక కాళ్ళు నిలవక కూలబడ్డాడు.

"బతుకుతాది. నడిచేకి నెల పడతాది," అన్నాడు నాయన. దొడ్లో ఆకలికి అరుస్తున్న గొర్రెల వైపు చూశాడు. "అవి నెల ఆగవు." రాగి పిండి మూట కట్టుకున్నాడు, కంబళి భుజాన వేసుకున్నాడు. "నేను కునుకు తీయకుంటే సరి," అన్నాడు, ఎవరితో అన్నాడో తెలియదు.

గొర్రెలు దొడ్డి దాటుతున్నాయి. అవ్వ గోడ దగ్గరినుంచి లేచింది. పొగాకు సంచి నడుముకు దోపుకుంది. చిలక్కొయ్యకున్న తన కంబళి తీసి తల మీదుగా కప్పుకుంది. వంగి పులిగాడి నుదుటి మీద ఒక్క క్షణం చెయ్యి పెట్టింది. తడిక పక్కనున్న కర్ర అందుకుంది.

నా వైపు చూడలేదు. వాకిలి దాటి, చివరి గొర్రె వెనక, పులిగాడు నడిచే చోట నడుస్తూ పోయింది.