ఇంటిపేరు అడిగే రాయి

ఇంటర్వ్యూ గదిలో గాల్లో ఒక రాయి ఆగి ఉంది, అందుకే అందరూ కాస్త తల వంచుకుని లోపలికి వెళ్తున్నారు.

పోస్టు, లా డిపార్ట్‌మెంట్‌లో అసిస్టెంట్ ప్రొఫెసర్. సబ్జెక్టు ద్వేష నేరాలు, అంటే మనిషి ఏం చేశాడని కాకుండా ఎవరో తెలుసుకుని కొట్టడం. నేను ఇక్కడే గెస్ట్ లెక్చరర్‌ని, పిల్లలు గెస్ట్ మేడమ్ అని పిలుస్తారు. ఈ పోస్టు నాకు రాకపోతే రేపట్నుంచి గెస్టుని కూడా కాదు. రెగ్యులర్ మనిషి వచ్చాక గెస్టులు ఇంటికెళ్లాలి కదా.

నాకంటే ముందు వెళ్లిన ఇంతియాజ్ బయటికొస్తాడు. నుదుటికి కట్టు ఉంది.

"ఎలా జరిగింది?"

"సూపర్. రాయి గురించే అడిగారు, దంచేశా."

"మరి ఈ కట్టేంటి?"

"పేరు కూడా అడిగారు," అంటాడు, టైమెంతని అడిగారన్నంత మామూలుగా. "తగిలాక మళ్లీ దాని ప్లేసుకి అదే వెళ్లిపోతుంది. మంచి డిసిప్లిన్. నువ్వే పాపం. నీ పేరు వింటే ఏమీ తెలీదు కదా, చాలాసేపు పడుతుంది."

నేను తల వంచి లోపలికి వెళ్తాను.

చైర్మన్ గారు కుడిచెయ్యి ముందుకు చాపి కుర్చీ చూపిస్తారు. నేను కూర్చున్నాక కూడా ఆ చెయ్యి దించరు. పక్కన సబ్జెక్ట్ ఎక్స్‌పర్ట్ కాత్యాయని మేడమ్ ఉన్నారు. రాయి మా మధ్యలో, సరిగ్గా నా నుదుటి ఎత్తుకి దిగి ఉంది. అటెండర్ వచ్చి గుడ్డతో దాన్ని తుడిచి వెళ్తాడు.

"పేరు?" అంటారు చైర్మన్ గారు.

"హిమజ సార్."

"హిమజ... అంటే?"

"అంతే సార్, హిమజ."

"ఇంటిపేరు?"

రాయి జానెడు ముందుకొస్తుంది.

"కాలేజీలో అందరూ హిమజ అనే అంటారు సార్."

"సంతోషం. సొంతూరు?"

"సిటీయే సార్."

"సిటీకి రాకముందు? ఊళ్లో ఏ వైపు ఉండేవాళ్లు?"

ఇంకో జానెడు. ఆయన గొంతు ఎంత మెత్తగా ఉందంటే, నాకు నిజంగా జవాబు చెప్పాలనే ఉంది.

"ఇంట్లో నాన్‌వెజ్ తింటారా అమ్మా? తప్పుగా అనుకోకండి, లంచ్ చెప్పాలి కదా."

ఇప్పుడు రాయి వాసన తెలుస్తోంది. ఎండ వాసన, దాని కింద అరచేతి చెమట వాసన. నాకేం అర్థం కావట్లేదు. వీళ్లు నన్ను పోస్టు కోసం అడుగుతున్నారా, లేక రాయి కోసమా? రెండింటికీ అవే ప్రశ్నలు.

"సార్, సబ్జెక్టుకి వద్దాం," అంటారు కాత్యాయని మేడమ్. "హిమజా, ఈ రాయి నేరమా?"

ఇది నాకు వచ్చు! "తగిలితే దెబ్బ మేడమ్. కానీ ద్వేషం అంతకుముందే అయిపోతుంది, ఎవరికి తగలాలో తేలినప్పుడు."

"రాయికెలా తెలుస్తుంది?"

"అడుగుతారు మేడమ్."

"ఎవరు?" అంటారు చైర్మన్ గారు. ఆయనకి నిజంగానే తెలీదు.

నేను ఆయన చేతి వైపు చూస్తాను. ఆయన కూడా చూస్తారు, అక్కడేదో ఈగ వాలిందేమో అన్నట్టు.

"బ్రహ్మాండం," అంటారు చివరికి. "ఇంత బాగా ఎవరూ చెప్పలేదు. పోస్టు మీదే. ఆర్డర్ టైప్ చేయించాలి, మీ పూర్తి పేరు చెప్పండి."

రాయి నా కనుబొమలకి తగులుతోంది. పేరు చెప్తే ఉద్యోగం, చెప్తే రాయి. చెప్పకపోతే రేపట్నుంచి నేను ఎవరికీ మేడమ్‌ని కాదు.

"సార్, ముందు మీరు చెయ్యి దించండి."

"ఇది దిగదమ్మా," అంటారు సిగ్గుపడుతూ. "మా నాన్నగారిది కూడా ఇంతే. ఆయనకి చొక్కాలు కుట్టించేటప్పుడు ఒక చెయ్యి అలాగే కొలిపించేవాళ్లం."

నేను లేచి నిలబడి రాయిని పట్టుకుంటాను. పండిన జామకాయలా ఊడి చేతికొస్తుంది. తీసుకెళ్లి ఆయన అరచేతిలో పెడతాను. వేళ్ల మధ్య సందుల్లో కూడా సరిగ్గా అమరిపోతుంది.

"ఇది మీది సార్."

"నాదా?"

అప్పుడు చెప్తాను నా పూర్తి పేరు. గట్టిగా, ఇంటిపేరుతో, ఊరితో, ఊళ్లో ఏ వైపో దాంతో సహా. గాల్లో కదలడానికి ఏమీ లేదు.

చైర్మన్ గారి చెయ్యి దిగుతుంది. దిగుతూనే ఉంది. "ఇంత బరువా?" అంటారు ఆశ్చర్యంగా. ఆయన కుర్చీతో సహా నేలలోకి దిగిపోతారు, అక్కణ్ణుంచి కింది అంతస్తులోకి, దాని కింద లైబ్రరీలోకి. పిల్లలు పుస్తకాలు పక్కకి జరిపి దారిస్తున్నారు. "దీన్నెక్కడ పెట్టాలమ్మా?" అని ఆయన ప్రతి అంతస్తులోనూ అడుగుతున్నారు.

ఇంతియాజ్ కట్టు విప్పుకుంటూ వచ్చి గొయ్యి అంచున నా పక్కన కూర్చుంటాడు.

"పోస్టు వచ్చిందా?"

"వచ్చినట్టే ఉంది. ఆర్డర్ టైప్ చేయించాల్సినాయన కిందికెళ్లారు."

కాత్యాయని మేడమ్ గడియారం చూసి, క్లాస్ టైమైంది అంటారు. నేను కాళ్లు గొయ్యిలోకి వేలాడేసుకుని, కింద లైబ్రరీలో ఉన్న పిల్లల అటెండెన్స్ మొదలుపెడతాను. మొదటి పేరు పిలుస్తాను, ఇంటిపేరు లేకుండా.

చాలా లోతు నుంచి, నీళ్ల శబ్దం మధ్య నుంచి, చైర్మన్ గారి గొంతు వినిపిస్తుంది.

"ప్రెజెంట్ మేడమ్."