ఎవరిదీ కాని కుర్చీ

దుర్గారావు సెలవు పెట్టి అన్నవరంలో వ్రతం చేసుకుని వచ్చేసరికి ఆఫీసులో ఆయన టేబులు మాయమైపోయింది. టేబులొక్కటే అయితే దొంగలెత్తుకుపోయారనుకోవచ్చు. గోడలు కూడా పోయాయి.

ఓడల్లో వచ్చే సరుకుకి కాగితాలు చేసిపెట్టే ఏజెన్సీ అది, పోర్టుకి ఎదురుగానే. దుర్గారావు అందులో హెడ్ క్లర్కు. టేకు టేబులు, తిరిగే కుర్చీ, టేబులద్దం కింద కనకమహాలక్ష్మి అమ్మవారి పటం. ఇదీ ఆయన సామ్రాజ్యం. ఇప్పుడక్కడ నేలంతా ప్లాస్టిక్ గడ్డి, గడ్డి మీద రంగురంగుల సంచులు. మినుముల బస్తాలు ఇక్కడెవరు దింపారా అని ఆయన తెల్లబోతే, అవి కూర్చోడానికేనని చెప్పారు. కూర్చున్నాడు. కూర్చోవడం బాగానే కూర్చున్నాడు గానీ లేవదీయడానికి ఇద్దరు మనుషులు పట్టారు. సంచి కూడా లేచి వస్తుంటే దాన్ని పట్టుకోడానికి మూడోవాడు.

ఇదంతా హైదరాబాదు నుంచి దిగిన అనిరుధ్ అనే డిజైనరు చలవ. అతను అందరినీ నిలబెట్టి (కూర్చోబెడదామంటే కుర్చీలు చాలవు కదా) ఉపన్యాసమిచ్చాడు.

"ఇకనుంచి ఎవరికీ సొంత సీటుండదు సర్. రోజూ సగం మంది ఇంటి నుంచి పని చేస్తారు. మిగతావాళ్ళలో ఎవరు ముందొస్తే కుర్చీ వాళ్ళది. సీటు మీద మమకారం వదులుకోవాలి."

ఈ మాట కాషాయం కట్టినాయన చెప్తే మనం దక్షిణ ఇచ్చి బయటపడతాం. ఇక్కడ కంపెనీయే దక్షిణ ఇచ్చి మరీ చెప్పించుకుంది.

టేబుళ్ళన్నీ మల్లెపువ్వుల్లా తెల్లవి. పోర్టు బొగ్గుపొడికి మధ్యాహ్నానికల్లా నల్లబడతాయండీ అని ఎవరో గొణిగితే, "అదే ఇండస్ట్రియల్ లుక్" అన్నాడు అనిరుధ్. ఇక సగం మంది ఇంట్లోనే ఉంటారన్న లెక్క అతని ల్యాప్‌టాప్‌లో తప్ప ఇంకెక్కడా కుదరలేదు. ఇంట్లో ఉంటే కందిపప్పు ఏరమంటారని, అత్తగారిని కేజీహెచ్ ఆసుపత్రికి తీసుకెళ్ళమంటారని, అందరూ తెల్లారకుండానే ఆఫీసుకి పరిగెత్తుకొచ్చేవారు.

మేనేజరు దేవీప్రసాద్ కూడా తన గదిని త్యాగం చేశాడు. ఆ త్యాగానికి ఫొటోలు తీయించి, కిటికీ పక్కన, ఏసీకి ఎదురుగా ఉన్న కుర్చీలో సర్దుకున్నాడు. పేరుకి అదీ ఎవరిదీ కాదు. అందులో ఇంకెవరూ కూర్చోరు, అంతే.

ఇవన్నీ దుర్గారావు దిగమింగుకునేవాడే. కానీ ఆనందపురం నుంచి భార్య అన్న శ్రీరామ్మూర్తి ఫోన్ చేశాడు.

"బావా, రేపు టౌనుకొత్తన్నాను. నీ ఆఫీసు సూసి ఎల్తాను."

శ్రీరామ్మూర్తి చామంతులు పండించే రైతు. పదేళ్ళుగా ఏ శుభకార్యంలో కలిసినా దుర్గారావు ఆయనకి ఒకటే కథ చెప్తున్నాడు. "నాను సెలవులో ఉన్నా నా కుర్చీలో ఈగ కూడా వాలదు బావా!"

"ఉన్నదున్నట్టు సెప్పీండి, మా అన్నేగా" అంది భార్య ధనలక్ష్మి.

"పదేళ్ళు కోసిన కోతలు ఒక్కపూటలో ఎలా మింగీమంటావే?"

మర్నాడు తెల్లవారుజామున ఫిషింగ్ హార్బర్లో చేపల వేలం మొదలయ్యే వేళకే ఆయన ఆఫీసు గేటు దగ్గరున్నాడు. అప్పటికే అక్కడ పెద్ద గుంపుంది. అందులో ఒకాయన పళ్ళు తోముకుంటున్నాడు. ఎలాగో తోసుకుని వెళ్ళి ఒక కుర్చీ పట్టాడు. పదింటికి కింద నుంచి బావ ఫోన్. దిగి వెళ్ళి, ఆయన్ని వెంటబెట్టుకుని వచ్చేసరికి ఆ కుర్చీలో ఎవరో మమకారం లేకుండా కూర్చుని ఉన్నారు.

"ఏది బావా నీ కుర్చీ?" అన్నాడు శ్రీరామ్మూర్తి, గడ్డి మీద అడుగు వేయాలా వద్దా అని ఆలోచిస్తూ.

ఖాళీగా ఉన్నది ఒక్కటే. దుర్గారావు నోరు ఆయన్ని అడక్కుండానే పలికేసింది. "అదిగో... ఆ కిటికీ పక్కది. ఉండు, టీ తెత్తాను." అని ఒకటే పరుగు.

అంతలో మేనేజరు వచ్చాడు. వెనక అనిరుధ్, ఈ వింత చూడ్డానికి హెడ్డాఫీసు నుంచి వచ్చిన ఇద్దరు పెద్దలు. మేనేజరు తిన్నగా కిటికీ వైపు నడిచాడు. శ్రీరామ్మూర్తి చూశాడు. ఆనందపురం జంక్షన్లో కదులుతున్న బస్సు కిటికీలోంచి తువ్వాలేసి సీటు పట్టగల మనిషాయన. ఓసారి గురి తప్పి ఆయన తువ్వాలు డ్రైవరు సీటు మీద పడితే, డ్రైవరు తగరపువలస దాకా నిలబడే నడిపాడంటారు. అలాంటివాడు ఊరుకుంటాడా? భుజం మీది తువ్వాలు తీసి అక్కణ్ణుంచే విసిరాడు. అది కుర్చీలో పరుచుకుంది.

"మనిషున్నాడండి!"

మేనేజరు ఆగిపోయాడు. "ఏ మనిషి?"

"మా దుర్గారావు బావ. టీకెల్లాడు, వచ్చీత్తాడు. అందాకా మీరు ఆ బస్తా మీద కూకోండి."

"నేనెవరో తెలుసా మీకు?"

"ఎవలైతే ఏటండి? ఇది బావ సీటు."

ఇది నా సీటయ్యా అనడానికి మేనేజరు నోరు తెరిచాడు. పక్కన హెడ్డాఫీసు పెద్దలున్నారు. తెరిచిన నోరు ఊరికే మూస్తే బాగుండదని నవ్వాడు. "ఇక్కడ... ఎవరికీ... సొంత సీటు లేదు."

"మరింకేటి? ముందేసినోడిదే."

"ఎగ్జాక్ట్‌లీ! మా కాన్సెప్ట్ అదే!" అనిరుధ్ చప్పట్లు కొట్టాడు. పెద్దలూ కొట్టారు. మేనేజరు కూడా కొట్టక తప్పలేదు.

రెండు టీ గ్లాసులతో దుర్గారావు సరిగ్గా అప్పుడే వచ్చాడు. కుర్చీలో తువ్వాలు, పక్కన మేనేజరు.

"రండి దుర్గారావు గారూ, కూర్చోండి" అన్నాడు మేనేజరు. పళ్ళు మాత్రం విడలేదు.

శ్రీరామ్మూర్తి తువ్వాలు తీసి, కుర్చీ దులిపి మరీ కూర్చోబెట్టాడు. మేనేజరు వెళ్ళి, టిఫిన్ హోటల్లో ఇడ్లీ తినే బల్లలాంటి పొడుగు బల్ల దగ్గర నిలబడి ల్యాప్‌టాప్ తెరిచాడు.

"బావా, ఇన్నాల్లూ నువ్వు కోతలు కోత్తన్నావనుకున్నాను" అన్నాడు శ్రీరామ్మూర్తి టీ చప్పరిస్తూ. "ఇంత పెద్దోడివని నాకేటి తెలుసు!"

పొడుగు బల్ల దగ్గర నుంచి మేనేజరు గొంతు వినిపించింది. "దుర్గారావు గారూ, సాయంత్రం ఒకసారి నన్ను కలవండి."

దుర్గారావుకి టీ పొలమారింది. ఆయన దగ్గుతుంటే వీపు తడుతూ శ్రీరామ్మూర్తే జవాబిచ్చాడు.

"సాయంత్రమా? మా బావకి తీరుబడుంటే సూద్దాం లెండి."