మూడో పిడికి పేరు

బావిలో దిగి పంపు గొట్టాల అడుగున ఉండే ఫుట్‌వాల్వులు బాగుచేయాలంటే తమిళనాట పీలమేడు మిల్లులన్నిటికీ బంగారు అనేవాడే దిక్కు. ఒకసారి మునిగాడంటే గట్టున ఉన్నవాళ్ళు బీడీ ముట్టించి, కాల్చి, పారేసేదాకా తేలేవాడు కాదు. కానీ ఊపిరికీ వయసొస్తుంది కదా. పోయిన నెల మిల్లు బావిలో నలభై అడుగుల నీళ్ళలోకి రెండుసార్లు దిగి, రెండుసార్లూ ఉత్త చేతులతో పైకొచ్చాడు. ఈ శుక్రవారం కూడా పని కాకపోతే కొచ్చి నుంచి మనిషిని పిలిపిస్తామని మేనేజరు మర్యాదగానే చెప్పాడు. ఆ మర్యాదే బంగారును ముల్లులా గుచ్చింది.

మిల్లు ఇంజినీరు జాలిపడి ఎక్కడినుంచో రెండు గాలి సిలిండర్లు తెప్పించి ఇచ్చాడు. గొట్టం నోట్లో పెట్టుకుని పీలిస్తే నీటి అడుగున తీరిగ్గా పని చేసుకోవచ్చు. అయితే రెండింటినీ వీపున జతకట్టి, గాలి అటూ ఇటూ పోయేలా కలిపే మానిఫోల్డు లేదు. అందుకని సిలిండర్లను బస్సు టాపు మీద వేయించి, పెళ్ళాం రుక్మణిని వెంటబెట్టుకుని, బంగారు తుడియలూరులో ఆమె అన్న పెరుమాళ్‌సామి నడిపే పంపుల వర్క్‌షాపుకు పోయాడు. రుక్మణి ఎందుకంటే, పెళ్ళైన నాటినుంచి బావిగట్టున తాడు పట్టేది ఆమే. తాడును పట్టినంత గట్టిగా నోటిని కూడా పట్టి ఉంచుకోదే అని బంగారు బాధ.

పెరుమాళ్‌సామి రెండు రకాలు చూపించాడు. ఒకదానికి గాలిని తెరిచి మూసే పిడులు రెండు, సిలిండరుకు ఒకటి చొప్పున. ఇంకోదానికి మధ్య గొట్టంలో మూడో పిడి కూడా ఉంది. బంగారు క్షణం ఆలోచించకుండా మొదటిదాని మీద చెయ్యి వేశాడు. పిడులు పెరిగితే కారే చోట్లూ పెరుగుతాయని అతని వాదం. అందులో అబద్ధమేమీ లేదు. కానీ ఒక పక్క వాషరు పోతే ఏమవుతుందని రుక్మణి అడిగింది. రెండు సిలిండర్లూ ఖాళీ అవుతాయని, మధ్య పిడి ఉంటే దాన్ని మూసి సగం గాలి దక్కించుకోవచ్చని పెరుమాళ్‌సామి ఒప్పుకున్నాడు.

"రెండు కుండలకీ ఒకే బొక్క పెట్టుకోని నడిబావిలో కూచుంటావా మామా?" అంది రుక్మణి మొగుడితో.

అన్నాచెల్లెళ్ళు ఒకటయ్యాక ఇంటి అల్లుడి మాట వినేదెవరు? మూడు పిడులదే ఖాయమైంది. నోటి గొట్టం ఉన్న ఎడమ పిడి మీద ఒకటి, కుడిదాని మీద రెండు, మధ్యదాని మీద మూడు అని పెరుమాళ్‌సామి ఉలితో అంకెలు చెక్కాడు. తర్వాత పంపులు పరీక్షించే తొట్టిలోకి బంగారును దించి, నీళ్ళలో మునిగి కూర్చోమన్నాడు.

కూర్చున్న కాసేపటికే కుడి సిలిండరు మెడ దగ్గర వాషరు జారి, సాంబారు ఉడికినట్టు బుడగలు లేచాయి. పెరుమాళ్‌సామి నీళ్ళ మీదికి వంగి "మూడు, మూడు" అని అరిచాడు. ఆయన చెప్పింది అంకె. కానీ అక్కడి తెలుగువాళ్ళకు ఇంట్లో లెక్కలు తెలుగు, వర్క్‌షాపులో ఆజ్ఞలు తమిళం. తమిళంలో మూడు అంటే ముయ్యమని. బంగారు చేతికి మొదట తగిలిన ఒకటో పిడిని నిక్షేపంగా మూసేశాడు.

ఊపిరి ఆగింది. నూరు బావులు ఈదిన మనిషి కాళ్ళూ చేతులూ కొట్టుకుని, నలుగురు పట్టి లేపితే లేచాడు. నిలబడి చూసుకుంటే నీళ్ళు రొమ్ము దాకే ఉన్నాయి. లేత్ మిషన్లు ఆపి మరీ నవ్వారు పనివాళ్ళు. బంగారు సిగ్గుపడలేదు, నిజంగా భయపడ్డాడు. నలభై అడుగుల కింద లేపడానికి నలుగురుండరు.

"ఆ మూడు ఉండేది నాకు వద్దు బావా. రెండు పిడులదే ఇయ్యి," అన్నాడు.

రుక్మణి అన్న చేతిలోని ఉలి వైపు చూసింది. "అంకె అరగదీసెయ్యన్నా. నడి పిడికి నా పేరు పెట్టు. రుక్మణిని మూడు అంటే ఈయన ఇంకోదాన్ని తాకడు. పెళ్ళైన కాడ్నుంచి ఆ ఒక్క పనికే కదా కాచుకోని ఉండేది."

పెరుమాళ్‌సామి వాషరు మార్చి, మధ్య పిడి మీద తమిళ అక్షరాల్లో చెల్లెలి పేరు చెక్కాడు. ఇంటికొచ్చాక బంగారు కళ్ళు మూసుకుని, మెడ వెనక్కి చెయ్యి పోనిచ్చి, రోజుకు నూరుసార్లు రుక్మణిని మూసి చూసుకున్నాడు. ఆ సాధన అతనికి మహా ఇష్టంగా ఉండేది.

శుక్రవారం మిల్లు బావి అడుగున ఆఖరి బోల్టు బిగిస్తుండగా మెడ వెనక బుసబుసమని చప్పుడైంది. కొత్త వాషరూ పాతదాని బుద్ధే చూపించింది. ఇక్కడ అరిచి చెప్పేవాళ్ళు లేరు. ఒక్క క్షణం అతనికి ఒకటీ రెండూ కూడా గుర్తురాలేదు. రుక్మణీ అనుకున్నాడు. చెయ్యి దానంతటదే మధ్యకు పోయి తిప్పింది. కుడి సిలిండరు కక్కినంతా కక్కి ఊరుకుంది. ఎడమదాంట్లోంచి గాలి వస్తూనే ఉంది. అతను బోల్టు బిగించి తాడు లాగాడు.

అతను పైకొచ్చాక మోటారు వేస్తే నీళ్ళు బుడబుడమని ఎక్కాయి. కొచ్చి మనిషి ఊసు మేనేజరు మళ్ళీ ఎత్తలేదు. రుక్మణి మాత్రం తాడు వదలకుండా నిలబడిపోయింది. నీళ్ళ మీద అన్ని బుడగలూ ఆమె చూసింది. తాడు కోసుకుని అరిచేతులు ఎర్రబడ్డాయి. నోట మాట లేదు.

ఇన్నేళ్ళుగా కోరుకున్న ఆ మౌనాన్ని బంగారు కాసేపు కూడా భరించలేకపోయాడు. మెడ వెనక్కి చెయ్యి పెట్టి మధ్య పిడిని తిప్పాడు.

"తెరిచేస్తిని మే. ఇంక మాట్లాడు," అన్నాడు.

ఆమె మొదలుపెట్టింది. ఇల్లు చేరేదాకా ఆపలేదు.